డబ్బా మీద నల్ల టేపు

"మైకు పెట్టుకోకుండా లోపలికి వెళ్ళడం కుదరదు మేడమ్," అన్నాడు డైరెక్టర్, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"నేను పాట పాడటానికి రాలేదు. పొద్దున పాప మాయమైన గది చూడటానికి వచ్చాను. పక్కకి జరగండి," అంది డిటెక్టివ్.

పోలీసు శాఖలో ఉన్నన్నాళ్ళూ ఆమెను చాటుగా 'ముక్కుసూటి' అనేవాళ్ళు. ఉద్యోగం మానేసి సొంతంగా కేసులు పట్టడం మొదలుపెట్టాక ఆ మాట ఎదుటే అంటున్నారు. ఆమెకేమీ అభ్యంతరం లేదు. అబద్ధం ఆడేవాళ్ళకు అలాంటి పేరు ముందుగా తెలిసి ఉండటం మంచిదే.

'చిట్టితల్లి' కార్యక్రమం చూడనివాళ్ళు అరుదు. చదువు సగంలో ఉండగానే తల్లులైన అమ్మాయిల్లో ఒకదాన్ని ఎంచుకుని, ఫ్లాటులో పెట్టి, గోడలనిండా కెమెరాలు బిగించి, బిడ్డను ఎలా సాకుతుందో వారం వారం చూపిస్తారు. ఈసారి వంతు పంతొమ్మిదేళ్ళ పిల్లది. ఆ పిల్లకు పది నెలల పాప, ముద్దుపేరు బుజ్జి. ఈ ఉదయం ఏడింటికి ఛానెల్‌లో ఆ చిట్టితల్లి ఖాళీ ఉయ్యాల పట్టుకుని గుండెలు బాదుకుంది. పాపను ఎవరో ఎత్తుకుపోయారన్నారు. తొమ్మిదింటికల్లా దొంగ దొరికాడన్నారు. దొంగంటే ఎవరో కాదు, ఆ పాప తండ్రే. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, పార్సిల్ వ్యాను నడుపుకుంటాడు. పాప మాత్రం దొరకలేదు. పదింటికి ఆ కుర్రాడి తల్లి డిటెక్టివ్ ఆఫీసుకొచ్చి, "వాడు దొంగ కాదమ్మా, సొంత కూతుర్ని వాడెందుకు దొంగిలిస్తాడు?" అని కాళ్ళావేళ్ళా పడింది.

ఇప్పుడు పదకొండు దాటింది.

"రానివ్వండి సార్, రానివ్వండి," అని లోపలినుంచి ఎవరో నవ్వారు. "లేడీ డిటెక్టివ్ వస్తే మీ ప్రోగ్రాంకి కూడా అందమే కదా!"

హాల్లో అద్దం ముందు, మెడకు తువ్వాలు చుట్టుకుని, కళ్ళు మూసుకుని ఇన్‌స్పెక్టర్ కూర్చున్నాడు. మేకప్ మనిషి అతని బుగ్గల మీద బ్రష్ తిప్పుతున్నాడు. ఒకప్పుడు డిటెక్టివ్ కిందే పని నేర్చుకున్నాడు. నేర్చుకున్నది మరిచిపోయి, విలేకరులు వచ్చేముందు ముఖానికి పూసుకోవడం మాత్రం మరవనందువల్ల శాఖలో అతన్ని పౌడర్ ఇన్‌స్పెక్టర్ అంటారు.

"రిటైరైనవాళ్ళు ఇంట్లో కూర్చుని టీవీ చూడాలి మేడమ్. సాయంత్రం ఆరింటికి లైవ్‌లో నేను కనిపిస్తాను," అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"నిన్ను చూడటానికి టీవీ ఎందుకు? ఏ పౌడర్ డబ్బా మూత తీసినా కనిపిస్తావు."

మేకప్ మనిషి నవ్వు ఆపుకోబోయి తుమ్మాడు. ఇన్‌స్పెక్టర్ కళ్ళు తెరిచాడు. "చూసుకోండి మీ గది. కానీ ఒక షరతు. పట్టుకున్నది ఎవరినో ఆ అమ్మాయికి చెప్పకూడదు. పొద్దుటినుంచి ఫోన్ కూడా ఇవ్వలేదు. వాడిని లైవ్‌లో ఎదురుగా నిలబెట్టినప్పుడే తెలియాలి."

"ఎందుకో?"

"రియాక్షన్ ఫ్రెష్‌గా రావాలి కదండీ," అన్నాడు డైరెక్టర్, అదేదో కూరగాయల సంగతైనట్టు.

డిటెక్టివ్ అతన్ని ఎగాదిగా చూసింది. కానీ లోపలికి వెళ్ళాలంటే వేరే దారి లేదు. సరేనంది.

*

వంటగదిలో చిట్టితల్లి స్టూలు మీద కూర్చుని ఉంది. పొద్దున టీవీలో కనిపించిన నైటీయే వేసుకుని ఉంది. జుట్టు కూడా అలాగే రేగి ఉంది, ఎవరూ దువ్వుకోనివ్వలేదు కాబోలు. పక్కనే ఆమె పిన్ని నిలబడి ఉంది. రెండు చేతుల్లో రెండు ఫోన్లు, ముఖం మీద నాలుగు ఛానెళ్ళకు సరిపడా దుఃఖం.

"మా పిల్ల ఏమీ మాట్లాడే స్థితిలో లేదండీ. ఏం కావాలన్నా నన్నడగండి, నేను దాని మేనేజర్ని," అంది పిన్ని.

"పిన్నివా, మేనేజర్వా?"

"రెండూనండీ."

"పిన్నివైతే వెళ్ళి ఈ పిల్లకి కాఫీ పట్టుకురా. మేనేజర్వైతే ఊరికే బయటికి వెళ్ళు."

పిన్ని ఊరికే వెళ్ళింది. కాఫీ రాలేదు.

డిటెక్టివ్ ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది. పాప గురించి అడగలేదు. "మీ ఇల్లు ఎలా గడుస్తుందమ్మా?" అంది.

ఆ ప్రశ్నకు అమ్మాయి తలెత్తింది. "ఎపిసోడ్‌కి ఇంతని ఇస్తారు మేడమ్. బుజ్జి కనిపిస్తే పూర్తిగా ఇస్తారు. నిద్రపోతూ ఉంటే సగం."

"ఏడిస్తే?"

"ఏడిస్తే ఎక్కువిస్తారు."

"మరి పాప వాళ్ళకి కావలసినప్పుడు ఏడవాలి కదా?"

"షూటింగ్ మొదలయ్యేదాకా పడుకోవాలని ఏవో చుక్కలు వేస్తారు. మత్తుగా పడుకుంటుంది. ఎంత కదిపినా లేవదు. మత్తు దిగిపోయాక అరికాలి మీద వేలితో టక్కున కొడతారు. అప్పుడు బాగా ఏడుస్తుంది." అమ్మాయి తన అరచేతిమీద వేలితో కొట్టి చూపించింది. చూపించాక ఆ చేతిని నైటీకి తుడుచుకుంది. "అది కాక ఫోన్‌లో వీడియోలు పెట్టాలి. డైపరు, క్రీము, పాలపొడి. ఎవరైనా డబ్బు కడితే వాళ్ళ పిల్లల పుట్టినరోజుకి మా బుజ్జి చేత చెయ్యి ఊపించాలి. చూసేవాళ్ళు తగ్గితే పిన్ని తిడుతుంది."

"ఆ డబ్బంతా ఎవరి దగ్గర ఉంటుంది?"

"పిన్ని దగ్గర. నాకు కావలసినవి తనే కొంటుంది."

"అడిగినవన్నీ కొంటుందా?"

"ఒకసారి బస్సు టిక్కెట్టుకి అడిగితే ఇవ్వలేదు," అంది.

డిటెక్టివ్ ఆ మాట మనసులో పెట్టుకుంది. ఇంకోటి కూడా గమనించింది. బిడ్డ పోయిన తల్లి గుమ్మంవైపు చూస్తుంది, ఎవరైనా కబురు తెస్తారేమోనని. ఈ పిల్ల గుమ్మంవైపు ఒక్కసారి కూడా చూడలేదు. గోడ గడియారం వైపే చూస్తోంది. గడియారం ముల్లు కదిలినకొద్దీ భుజాలు కాస్త కాస్త కిందికి దిగుతున్నాయి, బరువు దించుకుంటున్న మనిషిలాగా.

"రాత్రి ఏం జరిగిందో చెప్పు."

"పదింటికి యూనిట్ వాళ్ళు కెమెరాలు ఆపేసి వెళ్ళిపోయారు. తరవాత బుజ్జికి పాలు కలిపాను. పాత డబ్బా అయిపోతే కొత్తది విప్పాను. తాగించి పడుకోబెట్టాను. పొద్దున లేచేసరికి..." ఇక్కడ అమ్మాయి ఆగి, నేర్పిన పాఠం గుర్తుచేసుకున్నట్టుగా, "ఉయ్యాల ఖాళీగా ఉంది," అంది.

*

పాప గది చిన్నదే. మధ్యలో ఉయ్యాల, గోడకు ఓ అర, పైన మూడు కెమెరాలు. అర నిండా పాలపొడి డబ్బాలు. ప్రతి డబ్బా మీదా బుజ్జి బొమ్మే. నోట్లో రెండు పళ్ళు కనిపించేలా నవ్వుతోంది. ఆ ముఖం తెలియని దుకాణం లేదు, వీధి లేదు.

ఉయ్యాల పక్కన బల్ల మీద మాత్రం ఇంకో డబ్బా ఉంది. దాని చుట్టూ నల్ల టేపు అంటించి ఉంది.

"ఇదేంటి?" అంది డిటెక్టివ్.

"బుజ్జి తాగేది అదే మేడమ్. దాని బొమ్మ ఉన్న డబ్బా పాలు తాగితే ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి. అందుకని ఇది తెప్పించుకుంటాను. డబ్బిచ్చే కంపెనీది కాదు కదా, పేరు కనిపించకూడదు. అందుకే షూటింగ్ ముందు యూనిట్ వాళ్ళు టేపు వేస్తారు."

డిటెక్టివ్ చెత్తబుట్టలో చెయ్యి పెట్టింది. ఖాళీ పాత డబ్బా దొరికింది. దానికీ నల్ల టేపు ఉంది, అంచులు మురికి పట్టి లేచిపోయి. బల్ల మీది కొత్త డబ్బాకు టేపు ముడతైనా లేకుండా, కత్తెరతో కత్తిరించిన అంచుతో నిగనిగలాడుతోంది. మూత తీసి చూసింది. రెండు చెంచాల పొడి మాత్రమే వాడారు. ఇంట్లో టేపు చుట్ట కోసం, కత్తెర కోసం వెతికింది. రెండూ లేవు. అవి ఉండే చోటు ఒక్కటే. హాల్లో తిరుగుతున్న సెట్ అసిస్టెంటు నడుముకు వేలాడుతున్నాయి.

తన ఫోన్ తీసి, పొద్దున ఏడింటికి ఛానెల్ వేసిన వీడియో పెట్టింది. చిట్టితల్లి కేక పెడుతోంది. ఉయ్యాల ఖాళీగా ఊగుతోంది. పక్కనే బల్ల మీద డబ్బా, దాని చుట్టూ నల్ల టేపు.

డిటెక్టివ్ ఆ డబ్బా చంకలో పెట్టుకుని హాల్లోకి నడిచింది.

*

"పౌడరూ, లే," అంది.

ఇన్‌స్పెక్టర్ ముఖం ఎర్రబడింది. పౌడరు ఉంది కాబట్టి గులాబీ రంగులో ఆగింది. "మర్యాదగా మాట్లాడండి. దొంగను పట్టుకున్నవాణ్ణి నేను."

"ఈ డబ్బా రాత్రి పదింటి తరవాత విప్పింది. అప్పటికి యూనిట్ అంతా వెళ్ళిపోయారు. పొద్దున పాప పోయిందని తల్లి కేక పెట్టేసరికి దీనికి టేపు ఉంది. నిద్రలేచి, బిడ్డ లేదని చూసి, ముందు డబ్బాకి టేపు అంటించి, ఆ తరవాత ఏడ్చే తల్లిని నువ్వెక్కడైనా చూశావా?"

"టేపుదేముందండీ! టేపు ఎవరైనా..." అని డైరెక్టర్ అందుకున్నాడు.

"నేను మిమ్మల్ని అడగలేదే!" డిటెక్టివ్ అతని వైపు తిరిగింది. "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఎందుకు?"

హాల్లో అందరూ చేస్తున్న పని ఆపేశారు. సెట్ అసిస్టెంటు నడుముకున్న టేపు చుట్టను చొక్కా కిందికి తోసుకున్నాడు. డైరెక్టర్ ఒక నిమిషం అటూ ఇటూ చూసి, చివరికి నవ్వేశాడు. అతనికి సిగ్గు వెయ్యలేదు. దొరికిపోయినందుకు కాస్త చిరాకు వేసింది, అంతే.

"సరే మేడమ్. మీకు చెబితే తప్పేముంది? అది ఒక సెగ్మెంట్. తెల్లవారుజామున నాలుగింటికి వచ్చి షూట్ చేశాం. అమ్మాయి ఒప్పుకునే చేసింది, వాళ్ళ పిన్ని సంతకం ఉంది. పాప మా గెస్ట్‌హౌస్‌లో ఆయా దగ్గర హాయిగా ఉంది. సాయంత్రం లైవ్‌లో తెచ్చి తల్లి ఒళ్ళో పెడతాం. జనం కన్నీళ్ళు పెట్టుకుంటారు."

"మరి ఆ కుర్రాడు? లాకప్‌లో ఉన్నవాడు?"

"అది మా స్క్రిప్టులో లేదు. ఇన్‌స్పెక్టర్ గారు తీసుకొచ్చారు. మంచి ట్విస్టు కదా అని ఉంచాం. సాయంత్రం తండ్రి నిర్దోషి అని తేలుతుంది, ముగ్గురూ కలుస్తారు. ఏడవందే అమ్మైనా పాలివ్వదంటారు కదా మేడమ్. జనం కూడా అంతే."

తను పట్టుకున్నది లేని నేరానికి దొంగనని ఇన్‌స్పెక్టర్‌కు ఇప్పుడే తెలిసింది. పాపం, అతన్ని కూడా ఫ్రెష్‌గానే ఉంచారు.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగేవాళ్ళ గురించి డిటెక్టివ్ విన్నది. నిప్పు కోసం ఇల్లే తగలబెట్టేవాళ్ళను ఇప్పుడే చూస్తోంది. "ఆయాకి ఫోన్ చెయ్యి. అందరికీ వినిపించేలా పెట్టు," అంది. ఇక అతన్ని మీరు అనడానికి ఆమెకు నోరు రాలేదు.

డైరెక్టర్ చేశాడు.

"పాప ఏం చేస్తోంది?" అన్నాడు దర్జాగా.

"పాపేంటి సార్? ఎనిమిదింటికే పంపించేశాను కదా!" అంది ఆయా గొంతు. "మీకు సామాన్లు తెచ్చే పార్సిల్ అబ్బాయే వచ్చాడు. మీరు పంపారన్నాడు. సంచితో సహా ఇచ్చేశాను."

డైరెక్టర్ చేతిలోంచి ఫోన్ జారింది. దాన్ని ఎవరూ తియ్యలేదు.

డిటెక్టివ్‌కు వంటగదిలో విన్న బస్సు టిక్కెట్టు మాట గుర్తొచ్చింది. ఆ గడియారం చూపు కూడా. దొంగనాటకానికి ఈ పిల్ల ఎందుకు ఒప్పుకుందో ఒక్కసారిగా అర్థమైంది. పాప ఈ కెమెరాల మధ్యనుంచి బయట అడుగుపెట్టే రోజు ఇదొక్కటే. వీళ్ళు అబద్ధంగా ఎత్తుకుపోతే, అక్కడినుంచి తండ్రి నిజంగా తీసుకుపోతాడు. గడియారం ముల్లు కదిలినకొద్దీ బిడ్డ దూరంగా, క్షేమంగా వెళ్ళిపోతోందని ఆ తల్లి లోలోపల పొంగిపోతోంది.

కానీ ఆ తండ్రి తొమ్మిదింటినుంచీ లాకప్‌లో ఉన్నాడు.

"వాణ్ణి ఎలా పట్టుకున్నావు?" అంది డిటెక్టివ్, ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి.

"బస్టాండు వెనక టీ కొట్టులో. ఎవరో టీవీ చూసేవాళ్ళు అనుమానపడి ఫోన్ చేశారు. పాలు వెచ్చబెట్టించుకుంటున్నాడు. చేతిలో పాలసీసా కూడా ఉంది! ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

"పక్కన పాప లేదా?"

"లేదు. ఒక్కడే ఉన్నాడు."

"పాలసీసా ఎవరి కోసమని అడగలేదా?"

ఇన్‌స్పెక్టర్ డైరెక్టర్ వైపు చూశాడు. డైరెక్టర్ నేల వైపు చూశాడు.

"అరుస్తూనే ఉన్నాడండీ, ఏదో చెప్పాలని. నేనే నోరు మూసుకోమన్నాను. ఏం చెప్పినా ఆరింటికి లైవ్‌లోనే చెప్పమన్నాను. లాకప్ దగ్గరికి ఎవరూ పోవద్దని ఆర్డర్ వేశాను. ముందే చెప్పేస్తే సాయంత్రం... సాయంత్రం ఫ్రెష్‌గా..." అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డిటెక్టివ్‌కు అసహ్యం వేసింది. ఒక తండ్రి మూడు గంటలుగా కూతురి సంగతి చెప్పబోతుంటే, ఆ మాట వాడిపోతుందని దాచిపెట్టారు. డబ్బా మీద వేసినట్టే వాడి నోటి మీదా టేపు వేశారు. షరతుకు ఒప్పుకుని తనూ ఆ టేపుకో కొస పట్టుకుంది. ఆ అసహ్యంలో కొంత ఆమె తన కోసం కూడా మిగుల్చుకోవలసి వచ్చింది.

"ఎవరిని పట్టుకున్నారు?"

అందరూ తిరిగి చూశారు. వంటగది గుమ్మంలో చిట్టితల్లి నిలబడి ఉంది.

"చెప్పకండి!" అన్నాడు డైరెక్టర్, అలవాటు కొద్దీ.

డిటెక్టివ్ అతన్ని భుజంతో తోసేసి అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. రెండు చేతులూ పట్టుకుంది. "మీ ఆయన్నేనమ్మా. తొమ్మిదింటికే పట్టుకున్నారు. ఒక్కడే దొరికాడు."

అమ్మాయి మొదట నమ్మలేదు. గడియారం వైపు చూసింది. మళ్ళీ డిటెక్టివ్ ముఖంలోకి చూసింది. "మరి బుజ్జి ఎవరి దగ్గరుంది?" అంది.



"వాడి జేబులో ఏం దొరికాయి?" డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ మీద అరిచింది.

అతను బల్ల మీది ప్లాస్టిక్ కవరు అందించాడు. సాయంత్రం కెమెరాకు చూపించాలని దాచుకున్న సాక్ష్యం అది. లోపల ఒకే ఒక తాళంచెవి ఉంది. గుత్తికి పళ్ళొచ్చే పిల్లలు కొరుక్కునే రబ్బరు ఉంగరం కట్టి ఉంది.

"వ్యాను తాళం," అంది అమ్మాయి. "సామాన్లు వేసే వెనక తలుపుది. బుజ్జిని ఎత్తుకుని టీ కొట్టుకి ఎలా వెళ్తాడు మేడమ్? దాని ముఖం అందరికీ తెలుసు, డబ్బాల మీద ఉందిగా. చూస్తే పట్టేసుకుంటారని... పాలు వెచ్చబెట్టించుకుని వద్దామని లోపల పడుకోబెట్టి..."

డిటెక్టివ్ కిటికీ వైపు చూసింది. ఎండ నిట్టనిలువుగా పడుతోంది. కిటికీలు లేని ఇనప వ్యాను. మూడు గంటలు.

"టీ కొట్టు పక్కన ఖాళీ స్థలం ఉంది, వ్యానులన్నీ అక్కడే ఆపుతారు," ఇన్‌స్పెక్టర్ మెడలో తువ్వాలు లాగి పారేసి మెట్ల వైపు పరుగెత్తాడు. చెమటకు పౌడరంతా చారలు కట్టింది. "జనం తిరిగే చోటే మేడమ్! పాప గట్టిగా ఏడిస్తే ఎవరో ఒకరు వింటారు! ఈపాటికి తలుపు పగలగొట్టే ఉంటారు!"

వెనకనుంచి డైరెక్టర్ కేక వినిపించింది. "కెమెరా! చేతిలో కెమెరా తీసుకుని వెంట రండి! త్వరగా!"

డిటెక్టివ్ తాళం పిడికిట్లో బిగించి, ఇంకో చేత్తో అమ్మాయిని పట్టుకుని మెట్లు దిగుతోంది. మూడో మెట్టు మీద అమ్మాయి కాళ్ళు ఆగిపోయాయి.

"ఏడవదు మేడమ్," అంది. "బస్సులో ఏడిస్తే జనం చూసి గుర్తుపడతారని సంచిలో ఆ చుక్కల సీసా నేనే పెట్టాను. వ్యాను ఎక్కించగానే వెయ్యమన్నాను."